పసిబిడ్డ వ్యాధికి పాపమెవరిది?

అప్పుడే ఈనిన ఆవు తన దూడను ఎట్లు చూచునో గ్రామవాసులందరు ఎరుగుదురు. దూడ యొంటిమీద జిగురు, నెత్తురు, మట్టి అంటుకొని యుండును. చూచినవారు ముక్కు మూసికొందురు. ఆవు మాత్రము దానిని నాలుకతో నాకి శుభ్రము చేసి, అది కాళ్లపై నిలువలేక తూలిపడుచుండగా మూతితో ఎత్తి నిలబెట్టును. వత్సమునందు ధేనువునకు గల ఈ భావమే వాత్సల్యమనియు, ఆశ్రితులయందు శ్రీమన్నారాయణునకు గల గుణము ఇదియేననియు మన పూర్వాచార్యులు బోధించిరి. దోషమును చూడకుండుటయే వాత్సల్యమని కొందరు, దోషమును గూడ భోగ్యముగా గ్రహించుటయే వాత్సల్యమని కొందరు వ్యాఖ్యానించిరి. ఆ భేదమును ఇచ్చట విచారింపను. ఏ పక్షమునందైనను, దూడకు ఈ మురికి ఎందుకంటినదని ఆవు విచారణ జరుపదు.

ఈ దృష్టాంతమును ఎన్నియో యేండ్లు విద్యార్థులకు చెప్పితిని. చెప్పుచునే ఒకనాడు దానికి పూర్తిగా విరుద్ధముగా ప్రవర్తించితిని. ఆ సంగతి చెప్పకుండ ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకు అధికారము లేదు.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. మా ప్రాంతమున ఒక గ్రామపు రామాలయములో ధనుర్మాసమున సాయంకాలములందు పురాణప్రవచనము చేయుచుంటిని. ఒకనాడు ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక తల్లి ఏడెనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. బాలుని పెదవులు నేరేడుపండ్లు తిన్నట్లు నీలముగా నుండెను. వ్రేళ్ల కొనలును అట్లే. ధ్వజస్తంభమునుండి మండపమువరకు నడచుటలో వాడు రెండుమారులు గొంతుకూర్చుండెను. ఆటకై కూర్చుండుచున్నాడని నేననుకొంటిని. గుండెలో లోపముగల పిల్లలు ఊపిరి చాలక అట్లు కూర్చుందురని, అట్లు కూర్చుండినచో వారికి కొంత ఉపశమనము కలుగునని తరువాత ఎంతో కాలమునకు గాని నాకు తెలియలేదు.

“అయ్యగారూ, పిలగానికి గుండెల రంధ్రమున్నదన్నరు. ఏ దేవునికి మొక్కుకోమంటరు?” అని ఆమె అడిగినది.

“పూర్వజన్మ కర్మ తల్లీ. ప్రారబ్ధము అనుభవింపక తీరదు” అని మొదలుపెట్టి, ఏదో శాంతి విధానము చెప్పితిని. నేను చెప్పుచుండగనే ఆ బాలుడు తల్లి కొంగు పట్టి గుంజి, “అమ్మా, నేనేం పాపం జేసిన?” అనెను. ఆమె వాని నోటిపై చేయి వేసినది. పళ్లెములో కొన్ని నాణెములు పెట్టి, నమస్కరించి వెడలిపోయినది. మరునాడు వారు రాలేదు. ఆ మాసమంతయు రాలేదు. విచారింపగా ఆ కుటుంబము కూలిపనికై ఎచ్చటికో వలసపోయినదని తెలిసినది. ఆ బాలుడేమాయెనో నేటికిని నాకు తెలియదు.

సిద్ధాంతరీత్యా నా మాటలో తప్పు లేదని ఆ రాత్రి నన్ను నేను సమాధానపరచుకొన యత్నించితిని. నిద్ర మాత్రము రాలేదు.

వ్యాకరణమున క్రియకు మూడు పురుషలు కలవు. నేను అనునది ఉత్తమపురుష, నీవు అనునది మధ్యమపురుష, వాడు అనునది ప్రథమపురుష. పాఠశాలలో శబ్దధాతురూపములు వల్లించు వయస్సులోనే నేర్చిన ఈ విభాగమును నేను కర్మసిద్ధాంతమునకు అన్వయించుకొనుటకు అరువది యేండ్లు దగ్గరపడవలసి వచ్చినది. కర్మసిద్ధాంతము ఉత్తమపురుషయందు ప్రయోగింపవలసిన శాస్త్రము. నాకు కష్టము వచ్చినపుడు “ఇది నా కర్మ” అని నేననుకొనినచో పరులను నిందించుట తగ్గును, ఓర్పు కలుగును, భగవంతునిపై భారము వేయుటకు దారి ఏర్పడును. అదే వాక్యమును మధ్యమపురుషలోనికి మార్చి “ఇది నీ కర్మ” అనినచో శాస్త్రార్థము చెడదు గాని ఫలము తలక్రిందులగును. వినువానికి ఓర్పు రాదు. చెప్పువానికి బాధ్యత తీరిపోయినదన్న తృప్తి వచ్చును. నాడు నాకు వచ్చిన తృప్తి అదియే. ఇక ఏ జన్మలోని ఏ కర్మకు ఏది ఫలమో సర్వజ్ఞుడు తప్ప ఎరిగినవారు లేరని మన గ్రంథములే ఘోషించుచుండగా, ఏడేండ్ల బాలుని గుండెలోని రంధ్రమునుండి వాని పూర్వజన్మను చదువగలిగినట్లు మాటలాడుట పాండిత్యము కానేరదు.

మరియొక సంగతి. మన సిద్ధాంతమున జీవాత్మస్వరూపము జ్ఞానానందమయము, భగవంతునకు శేషభూతము. కర్మవశమున సంకోచవికాసములు పొందునది ధర్మభూతజ్ఞానమే గాని స్వరూపము కాదు. మాట రాని బిడ్డ, నడక రాని బిడ్డ, బుద్ధి వయస్సుతో సమముగ ఎదుగని బిడ్డ, వీరు శేషత్వమున నాకంటె గాని మీకంటె గాని వీసమైన తక్కువ కారు. ఇది దయతో చెప్పు ఓదార్పుమాట కాదు, సిద్ధాంతమే.

కర్మ కర్మ అని పిల్లలపై మోపువారు భారతములోని అష్టావక్రోపాఖ్యానమును మరియొకమారు చదువవలెను. అరణ్యపర్వములోని ఆ కథలో శిశువు ఎనిమిది వంకరలతో పుట్టుటకు కారణము శిశువు పాపము కాదు, తండ్రి కోపము. గర్భస్థుడై యుండి తండ్రి అధ్యయనములోని దోషమును ఎత్తిచూపగా, శిష్యులయెదుట చిన్నతనమైనదని కహోడుడు శపించెను. పిమ్మట ఆ తండ్రి జనకుని యజ్ఞశాలలో వంది యను వానితో వాదమున ఓడి నీట ముంచబడెను. బాలుడు తాత యగు ఉద్దాలకుని ఇంట పెరిగెను. తాతనే తండ్రియనుకొనెను, ఈడువాడగు మేనమామ శ్వేతకేతువును అన్నదమ్ముడనుకొనెను. పండ్రెండవ యేట తాత ఒడిలో కూర్చుండియుండగా శ్వేతకేతువు చేయిపట్టి క్రిందికి లాగి, ఇది నీ తండ్రి ఒడి కాదనెను. ఆ పిల్లవాడు ఏడ్చుచు తల్లియొద్దకు పోయి, నా తండ్రి ఎక్కడని అడిగెను.

ఇన్నియేండ్లు ఈ కథను జనకసభలోని వాదముకొరకు చదివితిని. వాదములోని చమత్కారములను విద్యార్థులచేత వల్లెవేయించితిని. ఒడి సంగతిపై దృష్టి నిలుపలేదు. ఎనిమిది వంకరలకు ఆ బాలుడు ఏడ్చినట్లు వ్యాసులవారెచ్చటను చెప్పలేదు. ఒడినుండి లాగినపుడే ఏడ్చెను. సభలోనివారు అతని రూపమును చూచి నవ్విరను కథ జనులలో ప్రచారమున నున్నది గాని భారతమున నాకు కానరాలేదు. అచ్చట ద్వారపాలకుడు అడ్డగించినది బాలుడని, వికలాంగుడని కాదు. కథ చివర తండ్రి బయటపడి, కుమారుని సమంగానదిలో స్నానము చేయుమనెను, అవయవములు సరియయ్యెను. శపించినవాడే నదికి పంపెను. కథను ఆ విధముగా కూర్చినవారు తండ్రులకు ఏదో చెప్పదలచిరనియే నా విశ్వాసము.

మన ఇండ్లలో నింద తండ్రిమీదకు అరుదుగా పోవును. తల్లిమీదకే పోవును. పై పెదవి చీలిపుట్టిన బిడ్డను గ్రహణపు మొర్రి యందురు; గ్రహణమునాడు కత్తి పట్టినావా, కూర తరిగినావా అని తల్లిని జీవితాంతము ప్రశ్నింతురు. గ్రహణకాలమున స్నానజపములు విధింపబడినవి. వానిని నేను ఆచరింతును. తల్లిని దోషిగా నిలబెట్టు విధి ఏ నిబంధనగ్రంథమునను నేను చదువలేదు. వైద్యులు చెప్పునది వినుడు. గర్భస్థశిశువు హృదయము మూడవ వారమునుండి ఎనిమిదవ వారములోపల రూపొందును. తాను గర్భవతినని తల్లికే రూఢిగా తెలియని దినములవి. ప్రపంచమున వేయిమంది శిశువులు జన్మించిన వారిలో సుమారు 8 మొదలు 10 మందికి గుండెలో ఏదో యొక లోపముండును. కొన్నిటికి గర్భమునందు సోకిన జ్వరము, తల్లికి గల మధుమేహము, మేనరికము వంటి హేతువులు చెప్పుదురు. అధికభాగమునకు ఇదియే కారణమని ఒక్కటి చూపలేరు. కారణము తెలియనిచోట తెలియదని చెప్పుటకు వైద్యుడు సిగ్గుపడుట లేదు. శాస్త్రజ్ఞులమనుకొను మేమే సిగ్గుపడితిమి.

హైదరాబాదునుండి కరీంనగరము వైపు పోవు రాజీవ్ రహదారిపై కొండపాక మీదుగ ప్రయాణించు యాత్రికులు పెక్కురు కలరు. కాకతీయులనాటి రుద్రేశ్వరాలయము గల ఊరు. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడువరకు మెదకు జిల్లాలోనిది. ఇప్పుడచ్చట శ్రీ సత్యసాయి సంజీవని సంస్థవారి బాలల హృదయచికిత్సాలయము కలదు. పుట్టుకతో గుండెలోపముగల పిల్లలకు రుసుము పుచ్చుకొనకుండ శస్త్రచికిత్స చేయుదురు. నాడు నాయొద్దకు వచ్చిన తల్లికి చెప్పవలసినది ఇట్టి చోటి పేరు. ఆనాడు ఇది లేదు. కాని హైదరాబాదులో ఏదో యొకటి ఉండెను, నేను విచారింపలేదు. వైష్ణవపత్రికలో అన్యసంస్థ పేరు వ్రాయవచ్చునా అని ఎవరికైన సంశయము కలుగవచ్చును. బావిలో పడిన పిల్లవానిని పైకి తీసినవాని నుదుట ఏ పుండ్రమున్నదో చూచు ఆచారము నాకు తెలియదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021 అక్టోబరు 11న పసిపిల్లల గుండెజబ్బులకై శ్రీ పద్మావతి హృదయాలయమును ప్రారంభించిరి. ఎముకల, అవయవముల లోపములకై బర్డ్ ఆసుపత్రి అంతకు చాలముందునుండియు నున్నది.

ఇది దేవాలయములకు క్రొత్త పనియు కాదు. పాలారు తీరమున తిరుముక్కూడలు వేంకటేశ పెరుమాళ్ ఆలయమున వీరరాజేంద్ర చోళుని శాసనము కలదు. సుమారు 1068 నాటిది. వేదపాఠశాలతోపాటు అచ్చట 15 పడకల ఆతురశాల యుండెను. వైద్యునకు, శస్త్రవైద్యునకు, మూలికలు తెచ్చువారికి, రోగులకు పరిచర్య చేయు స్త్రీలకు జీతములు నిర్ణయించిరి. ఏ ఔషధములు నిలువచేయవలెనో పేర్లతో చెక్కించిరి. ఆతురశాలలో రాత్రియంతయు వెలుగవలసిన దీపమునకు నూనె గూడ లెక్కలో చేర్చిరి. జబ్బుపడినవానికి రాత్రి ఎంత దీర్ఘమో ఎరిగినవాడెవడో ఆ పంక్తి వ్రాయించియుండును. మన తెలుగునాట రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనము, 1261 నాటిది, శైవమఠమునకు చెందినదే యైనను, ప్రసూతిశాలకు ఆరోగ్యశాలకు భూమినిచ్చిన సంగతి చెప్పుచున్నది.

ఇక ప్రార్థన మాట. యాదగిరిగుట్ట స్వామిని వైద్యనరసింహుడని కొలుచుట, దీర్ఘవ్యాధులవారు కొండపై మండలకాలము నిలిచి ప్రదక్షిణములు చేయుట ఈ ప్రాంతమువారందరికి తెలిసినదే. వలదనువాడను కాను. అయితే ప్రదక్షిణములకని బిడ్డకు మందు మానిపించువారిని చూచితిని. మందు మానుటయే విశ్వాసమనుకొందురు. ధన్వంతరి శ్రీమన్నారాయణుని అవతారమే యని భాగవతము చెప్పుచుండ, శ్రీరంగమున ధన్వంతరికి సన్నిధి యుండ, మందుసీసాను దేవునికి పోటీగా నిలుపుట ఎక్కడి వైష్ణవము?

దీనికి విరుద్ధమైన మరియొక పొరపాటు మావంటి చదువుకొన్నవారిది. శరీరము అశాశ్వతము గదా, దేహమునకై దేవుని అడుగవచ్చునా అందుము. కూరేశులవారి చరిత్రమును సాక్ష్యముగా చూపుదుము. చోళరాజసభలో కన్నులు కోల్పోయిన కూరేశులను భగవద్రామానుజులు కంచికి పంపి, వరదునివద్ద చూపు అడుగుమనిరి. వారు స్తోత్రము చేసిరి. స్వామి ప్రసన్నుడైనపుడు తమ కన్నులు అడుగక, ఆ ఆపదకు కారకుడైన నాలూరానుకు సద్గతి అడిగిరని గురుపరంపర చెప్పుచున్నది. ఎంత గొప్ప వైరాగ్యము! కాని ఆ కథలో రామానుజులేమి కోరిరో చూడుడు. శిష్యుని కన్నులే కోరిరి. అవి వలదని రామానుజులు అనలేదు. అని యుండిన అది క్రౌర్యమయ్యెడిది. వలదను హక్కు కన్నులు పోయినవానికే కలదు. పెంచినవాడు, కాచినవాడు అడుగుచునే యుండవలెను. మన వైరాగ్యమును బిడ్డ దేహముతో చెల్లించుట తగదు.

అడిగినను తగ్గని వ్యాధులు కలవు. అసలు ధర్మసంకటమచ్చటనే యున్నది. శస్త్రచికిత్సతో తీరునవి కొన్ని; జన్మాంతము వెంటనుండునవి మరికొన్ని. తలసేమియా బిడ్డకు రెండుమూడు వారములకొకమారు రక్తమెక్కించవలెను. బాల్యమునందే వచ్చు మధుమేహమునకు ప్రతిదినము ఇన్సులిన్ సూది తప్పదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏండ్ల బాలునకు మొదటిమారు ఆ మందు ఇచ్చిరి. అంతకుముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు కొద్దికాలములోనే మరణించెడివారు. నేడు వారు పెరిగి, చదివి, సంసారులగుచున్నారు. అనగా వ్యాధి పోలేదు, వ్యాధితోకూడిన జీవితము లభించినది. ఆ జీవితమునకు మన ఇండ్లలో చోటున్నదా?

పెండ్లిపందిటిలో మధుమేహముగల పిల్లకు మిఠాయి కొసరి పెట్టి, తినకున్న నొచ్చుకొను బంధువులున్నారు. ఆలయమున ప్రసాదము నిరాకరింపరాదని చేతినిండ పెట్టువారున్నారు. కన్నులకద్దుకొని రవంత నోట వేసికొనిన ప్రసాదస్వీకారమైనట్లే. ఇక వరుసలో గంటలతరబడి నిలిచి ఆకలిచే ఆ పిల్లకే రక్తములో చక్కెర పడిపోయి చెమటలు పట్టినపుడు, అదే లడ్డు తక్షణౌషధమగును. ఇది తెలిసినవారు ప్రక్కన నుండవలెను. ఏకాదశీ ఉపవాసము బాలురకు, వృద్ధులకు, రోగులకు నిర్బంధము కాదని ధర్మశాస్త్రకారులు ఏనాడో చెప్పిరి. రక్తము కావలసిన బిడ్డ ఉన్న ఇంటివారు మొక్కుబడిగా ముడుపు కట్టుటతోపాటు, బిడ్డ పుట్టినరోజున దాయాదులందరు రక్తదానము చేయు నియమము పెట్టుకొనవచ్చును. మా ఎరుకలో ఒక కుటుంబము అట్లు చేయుచున్నది.

పదునాలుగు పదునైదేండ్ల పిల్లల బాధ వేరు. వారు మందు దాచుకొని మ్రింగుదురు, బడిలో తోటివారు చూచెదరేమోనని సూది మానివేయుదురు. వారికి వారి వ్యాధిని గూర్చి తెలియనీయరాదని పెద్దలు గుసగుసలాడుచుందురు. తలుపు చాటున విన్న అర్ధసత్యము పూర్తి సత్యముకంటె భయంకరము. వ్యాధి పేరేమి, మందెందుకు, ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు, ఇవి వయస్సుకు తగినట్లు నెమ్మదిగా చెప్పినచో వారు మనకంటె ధైర్యముగా నుందురని వైద్యులందురు. జబ్బుపడిన తమ్మునకు అన్నియు జరుగుచుండ, తనకేమి కావలెనో ఎవ్వరును అడుగని ఆరోగ్యవంతురాలగు అక్క సంగతి ప్రత్యేకముగా వ్రాయదగినది. ఆమె గూడ ఆ ఇంటి బిడ్డయే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన లోపములను గుర్తించినది, తలసేమియా, హీమోఫిలియా అందులోనివే. మంచిదే. అవిటివాడనుటకంటె దివ్యాంగుడనుట మర్యాద. మాట మార్చితిమి గదా అని, గుడిమెట్ల దగ్గర ఆ పిల్లవాని చక్రముల కుర్చీని ఎత్తుటకు చేయి వేయకుండ ప్రక్కకు తొలగిపోవుచున్నాము.

నమ్మాళ్వారుల చరిత్ర ఇచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. పుట్టిన శిశువు ఏడువలేదు, పాలు త్రాగలేదు, కన్ను విప్పలేదు. కారియు ఉడయనంగయు ఆ శిశువును కురుగూరు ఆదినాథుని సన్నిధికి తెచ్చిరి. లోకరీతికి మారుగా నున్నాడని మారన్ అని పేరిడిరి. పదునారేండ్లు ఆ బాలుడు చింతచెట్టు క్రింద మౌనముగా కూర్చుండెను. మధురకవులు వచ్చి ప్రశ్న అడిగినపుడు పలికెను. ఆ పలికినది మనకు ద్రావిడవేదమైనది. ఈ కథను మౌనముగానున్న బిడ్డల తల్లిదండ్రులకు చెప్పునపుడు జాగ్రత్త వలెను. మీ బిడ్డయు ఆళ్వారగునని ఆశపెట్టరాదు. ప్రేమింపబడుటకు బిడ్డ మహాత్ముడు కానక్కరలేదు. నేను తలచుకొనునది పదునారవ యేటి పలుకును కాదు, అంతకుముందటి పదునారేండ్లను. పలుకునని వాగ్దానమేమియు లేకుండ ఆ తల్లిదండ్రులు గడపిన దినములవి. బిడ్డను దాచిపెట్టలేదు. నలుగురు తిరుగు కోవెలలో ఉంచిరి.

కిందటి కార్తికమున నాచారము గుట్ట లక్ష్మీనృసింహుని దర్శనమునకు పోవుచు, కొండపాక దారిలో బస్సుకై నిలిచితిని. ప్రక్కన ఒక దంపతులు, ఐదారేండ్ల కుమారుడు. ఎచ్చటనో దూరపు జిల్లావారు. వచ్చువారము బిడ్డకు శస్త్రచికిత్స అని తండ్రి చెప్పినాడు. బాలుని పెదవులు చూచితిని. అదే నీలము. ఆ తల్లి నా నామములు చూచి ఏదో అడుగబోయి ఊరకున్నది. నేనును ఏమియు చెప్పలేదు. పిల్లవాని పేరడిగితిని; ఏ ఆట ఇష్టమని అడిగితిని. వాడు జవాబు చెప్పక, “తాతా, నీకు కథలొస్తయా?” అనెను.

వామనుని కథ చెప్పితిని. చిన్నపిల్లవాడు గొడుగు పట్టుకొని వచ్చుట, మూడడుగుల నేల అడుగుట, ఒక అడుగు భూమి, ఒక అడుగు ఆకాశము, మూడవ అడుగు బలి తలపైన. వాడు శ్రద్ధగా వినెను. విని, కొంతసేపు ఆలోచించి అడిగెను.

“మూడడుగులు నడిచినంక కూసున్నడా?”

ఏ వ్యాఖ్యానమునను ఈ ప్రశ్న నేను చూచియుండలేదు. స్వామి బలిని సుతలమునకు పంపి, తానే వాని వాకిట కావలియుండెనని భాగవతము చెప్పుచున్నది గదా.

“కూర్చున్నాడు నాయనా. బలి ఇంటిముందర కూర్చున్నాడు. ఇంకను అక్కడే యున్నాడు” అంటిని.

వాడు తల యూపి, తల్లి చేయి విడిచి, నా ప్రక్కన గొంతుకూర్చుండెను. బస్సు వచ్చువరకు నేనును అట్లే కూర్చుంటిని.